పిల్లి పళ్ళు డాక్టర్ దగ్గర క్లీన్ చేయించడం ఎలా: మత్తు భయం ఎంత, లాభం ఎంత, మొదటి నుంచి చివరి దాకా

"మా పిల్లి నోరు కంపు కొడుతోంది, చూపిస్తే మత్తిచ్చి పళ్ళు క్లీన్ చేయాలన్నారు, మత్తిస్తే మళ్ళీ లేస్తుందా?" పిల్లులు పెంచేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఇదే. ప్రతిసారీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పలేక మొత్తం ఒకచోట రాసి పెడుతున్నా. నేను డాక్టర్ని కాదు. మూడు పిల్లులకి కలిపి నాలుగుసార్లు ఈ పని చేయించా, నిజానికి మూడుసార్లతో అయిపోవాల్సింది, నాలుగోది నా తెలివితక్కువ వల్ల వచ్చింది, అది కింద చెప్తా.

థియరీ కొంచెమే. పన్ను మీద పేరుకునే మెత్తటి పొర పాచి, అది బ్రష్‌తో పోతుంది. రెండు మూడు రోజులు వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు పట్టి గట్టిపడి గార అవుతుంది, అది బ్రష్‌కి లొంగదు. అసలు గొడవ పైకి కనిపించే గారతో కాదు, చిగురు కిందకి దూరిన పాచితో. అక్కడ చిగురు పన్నుని వదిలేస్తుంది, మధ్యలో సందు పడుతుంది, కింద ఎముక కరుగుతుంది, చివరికి పన్ను ఊగుతుంది. పిల్లులకి దీనికి తోడు ఇంకో జబ్బు ఉంది, టూత్ రిసార్ప్షన్ అంటారు, పన్ను తనంతట తానే తినేసినట్టు కరిగిపోవడం. ఇది నడివయసు దాటిన పిల్లుల్లో చాలా కామన్, బాగా నొప్పి. ఎంత క్లీన్ చేసినా తగ్గదు, ఆ పన్ను తీసేయడమే వైద్యం. కానీ అది ఉందని ఖాయంగా తెలిసేది మాత్రం క్లీనింగ్ కోసం మత్తిచ్చి ఎక్స్‌రే తీసినప్పుడే. నన్నడిగితే క్లీనింగ్ వల్ల పెద్ద లాభం ఇదే, తెల్లటి పళ్ళు కాదు.

ఇక రిస్క్. బ్రిటన్లో 2002-2004 మధ్య చాలా ఆసుపత్రుల లెక్కలు కలిపి ఒక పెద్ద అధ్యయనం చేశారు. అన్ని రకాల ఆపరేషన్లూ కలుపుకుని మత్తు వల్ల చనిపోయిన పిల్లులు 0.24 శాతం, అంటే దాదాపు 400లో ఒకటి. ఆరోగ్యంగా ఉన్నవాటిని విడిగా చూస్తే 0.11 శాతం, 900కి ఒకటి. అప్పటికే జబ్బుతో ఉన్నవాటిలో 1.4 శాతం, 70కి ఒకటి. అంటే "మత్తు డేంజరా" అని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు, ఏ పిల్లికి అన్నది మిగతా సగం. అందులోనే ఇంకో విషయం, చనిపోయిన పిల్లుల్లో 60 శాతం పైగా మత్తులో ఉండగా కాదు, పని అయిపోయాక పోయాయి, అందులోనూ దాదాపు సగం మొదటి మూడు గంటల్లోనే. అందుకే నేను కింద లేచాక ఎవరు చూస్తారు అన్నదాని మీద అంత గోల పెట్టా.

కావాల్సినవి: గట్టి క్యారియర్, లోపల పరవడానికి మీ ఇంటి వాసన ఉన్న పాత బట్ట, పాత రిపోర్టులు ఉంటే అవి, పిల్లి వాడుతున్న మందుల లిస్టు, తడి ఆహారం రెండు మూడు ప్యాకెట్లు, ఒక చిన్న ఖాళీ గది, మరుసటి రోజు కూడా ఇంట్లో ఉండగలిగే మనిషి ఒకరు. చివరిది అన్నిటికన్నా ముఖ్యం, సెలవు దొరకని వారంలో డేట్ తీసుకోకండి.

1. ముందు ఇంట్లో నోరు చూడండి. పెద్ద పిల్లికి 30 పళ్ళు, పైన 16, కింద 14. నోరు బలవంతంగా తెరవక్కర్లేదు, పక్కన కూర్చుని తల పట్టుకుని పై పెదవిని బొటనవేలితో పైకి ఎత్తితే చాలు, రెండు పక్కలా మూడేసి సెకన్లు. పళ్ళ రంగు కన్నా చిగురు అంచు చూడండి. లేత గులాబీగా ఉండాలి, పన్నుని ఆనుకుని ఎర్రటి గీత గీసినట్టుంటే వాపు మొదలైనట్టు. పన్ను మొదట్లో చిగురు పైకి పాకి చిన్న ఎర్ర చుక్కలా కనిపిస్తే అది గార కాదు, రిసార్ప్షన్ అయ్యుండొచ్చు. మా ఆడపిల్లికి అదే ఉండేది, కింద దవడలో, ఆవగింజంత. తినేటప్పుడు పొడి ఆహారం గింజని నోట్లోకి తీసుకుని తల ఒక పక్కకి వంచి, కొరికి, వెంటనే వదిలేసేది, గింజ పళ్ళెంలో టిక్కుమని పడేది. మూడు నెలలు ఆ చప్పుడు విని "దీనికి వేషాలు ఎక్కువయ్యాయి" అనుకున్నాం.

తిండి తింటోంది కాబట్టి నొప్పి లేదు అనుకోవడం ఇక్కడ అందరూ చేసే తప్పు. పిల్లి చచ్చేంత నొప్పి ఉన్నా తింటుంది. చొంగ, పంజాతో మూతి గీరుకోవడం, ఒళ్ళు నాక్కోవడం మానేయడం, ఆవులించి మధ్యలో ఆపేయడం, ఇవి చూడండి.

2. ఇప్పుడే చేయించాలా, ఆగొచ్చా తేల్చుకోండి. గార కొంచెం ఉంది, చిగుళ్ళు బాగున్నాయి, పిల్లి చిన్నది అంటే బ్రష్ మొదలుపెట్టి ఆరు నెలలకి మళ్ళీ చూపించడం తప్పు కాదు, డాక్టర్‌తో మాట్లాడుకోండి. చిగురు ఎర్రగా ఉండి రక్తం వస్తోందంటే, కంపు ఉందంటే, తినే పద్ధతి మారిందంటే ఆగొద్దు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, థైరాయిడ్, షుగర్ ఉన్న పిల్లి అయితే ముందు ఆ జబ్బుని అదుపులోకి తెచ్చి తర్వాత ఇది. వయసు ఎక్కువ అన్నది ఒక్కటే కారణంగా మానేయకండి, పదమూడేళ్ళ పిల్లికి చేయించా, అది నాకన్నా హుషారుగా లేచింది. ఆగాల్సింది కంట్రోల్లో లేని జబ్బుని చూసి, వయసుని చూసి కాదు.

గొంతు దాకా నోరంతా పచ్చిపుండులా ఎర్రగా ఉంటే అది వేరే కథ, దాన్ని స్టొమటైటిస్ అంటారు, మామూలు క్లీనింగ్‌తో తీరదు, చాలాసార్లు దవడ పళ్ళన్నీ తీసేయాల్సి వస్తుంది.

3. మత్తు లేకుండా గీకేస్తాం అనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. వినడానికి బాగుంటుంది, రిస్క్ లేదు, చవక. కానీ మెలకువగా ఉన్న పిల్లి చిగురు కిందకి పరికరం పోనివ్వదు, లోపలి వైపు తాకనివ్వదు, ఎక్స్‌రే కుదరదు. అంటే రోగం ఉన్నచోట అలాగే ఉంటుంది, కనిపించేచోట తెల్లగా అవుతుంది, మీరేమో పని అయిపోయిందనుకుని రెండేళ్ళు నిద్రపోతారు. పైగా గీకిన పన్ను పాలిష్ చేయకపోతే గరుకుగా ఉండి పాచి ఇంకా తొందరగా పడుతుంది. ప్రపంచవ్యాప్తంగా పశువైద్య దంత నిపుణుల సంఘాలు దీన్ని వద్దంటున్నాయి. ఇంట్లో గోరుతోనో, ఆన్‌లైన్లో దొరికే కొక్కెంతోనో మీరు గీకడం కూడా ఇదే కిందకి వస్తుంది.

4. డేట్ తీసుకునే ముందు డాక్టర్‌ని ఇవి అడగండి. సిగ్గుపడొద్దు, బాగా చేసేవాళ్ళు ఇలాంటి ప్రశ్నలకి విసుక్కోరు, విసుక్కుంటే అదీ ఒక జవాబే.

గొంతులో ఊపిరి ట్యూబ్ వేస్తారా? వేయాలి, ఎందుకంటే గార గీకే స్కేలింగ్ యంత్రం నీళ్ళు చిమ్ముతూ పనిచేస్తుంది, ట్యూబ్ లేకపోతే ఆ నీళ్ళు, గార ముక్కలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కానీ పిల్లి శ్వాసనాళం సున్నితం, ట్యూబ్ చుట్టూ ఉండే బుడగలో గాలి ఎక్కువైతే నాళం చిరగొచ్చు, పిల్లిని ఇటు నుంచి అటు తిప్పేటప్పుడు ట్యూబ్‌ని మత్తు మెషిన్ నుంచి విడదీయకపోయినా చిరగొచ్చు. "తిప్పేటప్పుడు ట్యూబ్ విడదీస్తారా అండీ" అని ఒక్క ప్రశ్న అడిగితే ఎదుటివాళ్ళకి పిల్లులతో ఎంత అనుభవం ఉందో తెలిసిపోతుంది.

నోరు తెరిచి ఉంచడానికి స్ప్రింగ్ వాడతారా? ఇది చాలామందికి తెలీదు. స్ప్రింగ్ బిగించి నోరు బార్లా తెరిచి ఉంచితే పిల్లుల్లో మెదడుకి, కళ్ళకి రక్తం తీసుకెళ్ళే నాళం నొక్కుకుపోవచ్చు, కొన్ని పిల్లులకి తాత్కాలికంగా, కొన్నింటికి శాశ్వతంగా చూపు పోయింది. వద్దని చెప్పండి.

పనంతా అయ్యేదాకా మత్తు చూసుకోవడానికి విడిగా ఒక మనిషి ఉంటారా? పళ్ళు చేసే మనిషే మత్తూ చూస్తే కుదరదు. నాడి, ఆక్సిజన్, బీపీ, ఒంటి వేడి, నాలుగూ చూడాలి. నోరంతా తడిగా ఉండి పిల్లి తొందరగా చల్లబడిపోతుంది, వెచ్చగా ఉంచే ఏర్పాటు ఏంటో అడగండి. బీపీ పడితే కిడ్నీలకి దెబ్బ, అందుకే సెలైన్, కానీ గుండె జబ్బున్న పిల్లికి అదే సెలైన్ ఎక్కువైతే ప్రమాదం.

పళ్ళ ఎక్స్‌రే ఉందా, లేచాక మొదటి మూడు నాలుగు గంటలు పక్కనే ఎవరుంటారు? ఈ రెండింటికీ సరైన జవాబు రాకపోతే నేనైతే ఇంకో చోట చూస్తా.

5. ముందు పరీక్షలు చేయించండి. స్టెతస్కోప్ పెట్టి గుండె వినడం, రక్తం లెక్క, కిడ్నీ, లివర్, షుగర్, ఏడెనిమిదేళ్ళు దాటితే థైరాయిడ్, బీపీ కూడా. పిల్లుల్లో గుండె కండరం మందమయ్యే జబ్బు చప్పుడు లేకుండా కూడా ఉంటుంది, డాక్టర్‌కి అనుమానం ఉంటే గుండె స్కాన్ చెప్తారు, డబ్బులు గుంజుతున్నారని అనుకోకండి. పైన చెప్పిన 900కి ఒకటా, 70కి ఒకటా అన్నది తేలేది ఇక్కడే. ఈ రిపోర్టులు ఆరు నెలల కిందటివి ఉన్నాయిగా అని మీరే తీర్మానించకండి, చూపించి అడగండి.

6. ముందు రోజు. తిండి ఎప్పుడు ఆపాలో డాక్టర్ చెప్పిన టైమే పాటించండి. రాత్రంతా పస్తు పెట్టమనే పాత పద్ధతి ఉంది, ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి నాలుగు నుంచి ఆరు గంటలు చాలంటున్నవాళ్ళూ ఉన్నారు. నీళ్ళు మాత్రం బయల్దేరేదాకా ఉంచొచ్చు. ఇన్సులిన్ తీసుకునే పిల్లి, కూన అయితే లెక్క వేరు, ఫోన్ చేసి కనుక్కోండి. ఇంట్లో నాలుగు పిల్లులుంటే అందరి గిన్నెలూ ఎత్తేయాలి, మా వాడు పక్కవాడి గిన్నెలోది తినేసి డేట్ వాయిదా పడేలా చేశాడు. తిన్నట్టు తెలిస్తే దాచొద్దు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకి వస్తుంది.

బాగా భయపడే పిల్లి అయితే బయల్దేరే రెండు మూడు గంటల ముందు ఇచ్చే మందు ఉంటుంది, గబపెంటిన్. డోసు డాక్టరే చెప్పాలి, కిడ్నీ జబ్బు ఉంటే తగ్గిస్తారు. మనుషులకి వాడే సిరప్ తెచ్చి మీరే పోయకండి, కొన్నింట్లో కలిపే తీపి పదార్థాలు కొన్ని జంతువులకి పడవు.

7. ఆ రోజు సంతకం పెట్టేటప్పుడు. ఇక్కడే నేను తప్పు చేశా. మొదటిసారి "పళ్ళేవీ పీకొద్దండీ, క్లీన్ చేసి పంపించండి, ఎక్స్‌రే కూడా వద్దు" అని గట్టిగా చెప్పి వచ్చా, పళ్ళు పోతే ఎలా తింటుంది పాపం అని. నాలుగు నెలలు తిరక్కుండానే మళ్ళీ గింజ టిక్కుమంది. మళ్ళీ మత్తు, ఈసారి ఎక్స్‌రే, రెండు పళ్ళు లోపల కరిగి ఉన్నాయి, తీసేశారు. ఒక్క మత్తుతో పోయేదానికి రెండు మత్తులు పెట్టించాను. పళ్ళు లేకపోయినా పిల్లి తింటుంది, నొప్పి ఉన్న పన్నుతోనే తినడానికి బాధపడుతుంది.

కాబట్టి ఫారం మీద ఇలా రాయించుకోండి: ఎక్స్‌రేలో పాడైన పన్ను కనిపిస్తే తీయడానికి ఒప్పుకుంటున్నా, లేదా తీసేముందు నాకు ఫోన్ చేయండి. రెండోది ఎంచుకుంటే ఫోన్ చేతిలో ఉంచుకోండి, మీరు ఎత్తేదాకా పిల్లి మత్తులోనే ఉంటుంది. పీకేముందు అక్కడ మొద్దుబారే ఇంజెక్షన్ ఇస్తారా అని కూడా అడగండి, అది ఇస్తే పై మత్తు తక్కువ సరిపోతుంది. మామూలు క్లీనింగ్‌కి గంట అటూ ఇటూ, పళ్ళు తీయాల్సి వస్తే ఇంకా పడుతుంది, ఆలస్యమైతే కంగారు పడకండి.

8. తీసుకొచ్చేముందు అక్కడే చెక్ చేసుకోండి. పని సరిగ్గా జరిగిందా అని తెలుసుకోవడానికి పళ్ళు తెల్లగా ఉన్నాయా అని చూస్తే లాభం లేదు. ఒక్కో పన్ను గురించి రాసిన చార్ట్ అడగండి, చిగురు సందు ఎంత లోతుందో కొలిచి రాస్తారు, పిల్లికి ఒక మిల్లీమీటర్ దాటితే మామూలు కాదు. ఎక్స్‌రేల కాపీ అడగండి. పళ్ళు తీసి ఉంటే, తీశాక వేర్లు మిగల్లేదని చూపించే ఎక్స్‌రే ఉందా అడగండి. కొన్నిసార్లు రిసార్ప్షన్‌లో వేరు ఎముకలో కలిసిపోయి ఉంటే కావాలనే పై భాగం మాత్రం తీస్తారు, అది తప్పు కాదు, కానీ ఎక్స్‌రే చూసి తీసుకున్న నిర్ణయం అయ్యుండాలి. పిల్లి తల ఎత్తి కూర్చుంటోందా, ఒళ్ళు వెచ్చగా ఉందా చూశాకే క్యారియర్లో పెట్టండి.

9. ఇంటికొచ్చాక. చిన్న గదిలో, నేల మీద, వెచ్చగా. మంచాలూ అల్మారాలూ ఎక్కనివ్వొద్దు, తూలి పడుతుంది. మిగతా పిల్లులు దాన్ని చూసి బుసకొట్టొచ్చు, ఆసుపత్రి వాసనకి, ఒక రాత్రి విడిగా ఉంచితే సర్దుకుంటాయి. సాయంత్రం బాగా తేరుకున్నాక కొంచెం తడి ఆహారం.

మామూలే, భయపడక్కర్లేదు: ముందు కాలి మీద గొరిగిన చోటు, ఒకటి రెండు రోజులు గొంతు బొంగురు, పళ్ళు తీసి ఉంటే చొంగలో కొద్దిగా ఎరుపు, నొప్పి మందు వల్ల కనుపాపలు పెద్దవై పిచ్చి చూపులు.

వెంటనే ఫోన్ చేయాల్సినవి: నోరు తెరిచి ఊపిరి తీయడం, చిగుళ్ళు తెల్లగా పాలిపోవడం, పిలిచినా లేవకపోవడం, రక్తం ఆగకుండా కారడం, మెడ దగ్గర చర్మం ఉబ్బి వేలితో నొక్కితే లోపల పరపరమన్నట్టు తగలడం, ఇది శ్వాసనాళం చిరిగిన గుర్తు. మత్తు దిగాక కూడా గోడలకి గుద్దుకుంటుంటే చూపు సంగతి చెప్పండి. 24 గంటలు దాటినా ఏమీ తినకపోతే ఆగొద్దు, పిల్లులు, అందులోనూ లావుగా ఉన్నవి, రెండు మూడు రోజులు పస్తుంటే లివర్ పాడవుతుంది.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయకండి. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు, ఐబుప్రొఫెన్ కూడా అంతే. లవంగ నూనె కూడా పెట్టొద్దు. డాక్టర్ ఇచ్చిన నొప్పి మందు మాత్రం "బాగానే ఉందిలే" అని మధ్యలో ఆపకండి. యాంటీబయాటిక్ రాయలేదని గొడవ పడొద్దు, ప్రతి క్లీనింగ్‌కీ అది అక్కర్లేదు.

పళ్ళు తీసినవాళ్ళకి పది పద్నాలుగు రోజులు మెత్తటి తిండి, కొరికే బొమ్మలు బంద్, తర్వాత చూపించుకోవాలి. కుట్లు వాటంతటవే కరుగుతాయి, ఊడిపోయిందేమో అని నోరు తెరిచి తెరిచి చూడకండి.

10. ఇక బ్రష్. ఇది చేయకపోతే ఇంత కష్టమూ కొన్ని నెలలకే కరిగిపోతుంది, క్లీన్ చేసిన పన్ను మీద పాచి ఒక్క రోజులోనే మొదలవుతుంది. పుండు మానాకే మొదలుపెట్టండి, నొప్పి ఉండగా మొదలెడితే బ్రష్ అంటేనే పారిపోతుంది. మొదటి వారం పిల్లుల పేస్ట్ వేలి మీద నాకించండి, అంతే. రెండో వారం ఆ వేలితోనే కోర పళ్ళు తాకండి. తర్వాత చుట్టిన గుడ్డ, తర్వాత చిన్న మెత్తటి బ్రష్. బయటి వైపు రుద్దితే చాలు, చిగురు అంచు దగ్గర, ఒక్కో పక్కకి పదిహేను ఇరవై సెకన్లు. రోజూ అయితే మంచిది, వారానికి మూడు రోజులకన్నా తగ్గితే పెద్దగా ఉపయోగం ఉండదు, గార గట్టిపడేది రెండు మూడు రోజుల్లోనే కదా. మనుషుల పేస్ట్ వద్దు, పిల్లి ఉమ్మలేదు, ఫ్లోరైడ్ అంతా మింగేస్తుంది.

అస్సలు చేయనివ్వని పిల్లులూ ఉన్నాయి, మా మగవాడు ఒకడు, చేతి మీద ఇంకా గీతలున్నాయి. వాడికి పళ్ళ కోసం చేసిన పెద్ద గింజల ఆహారం, నీళ్ళలో కలిపే మందు పెడుతున్నాం, బ్రష్ అంత కాదు కానీ ఏమీ లేనిదానికన్నా నయం. కొనేటప్పుడు వీఓహెచ్‌సీ (వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్) ముద్ర చూడండి, పాచి లేదా గార తగ్గిస్తుందని పరీక్షల్లో తేలినవాటికే అది ఇస్తారు. మామూలు పొడి గింజలు పళ్ళు తోముతాయన్నది నమ్మకండి, చాలా పిల్లులు గింజని కొరకవు, మింగేస్తాయి, ఒకసారి వాంతి చేసుకున్నప్పుడు చూడండి, గింజలు గింజల్లాగే ఉంటాయి.

నెలకోసారి పెదవి ఎత్తి ఫోటో తీసుకోండి, రెండు పక్కలా, అదే వెలుతురులో. పోయిన నెల ఫోటో పక్కన పెట్టి చిగురు అంచు పోల్చండి, ఎర్ర గీత మళ్ళీ వస్తోందంటే ఏడాది చెకప్ దాకా ఆగక్కర్లేదు, వెళ్ళేటప్పుడు పాత చార్ట్, ఎక్స్‌రేలు పట్టుకెళ్ళండి.